నెపం నువ్వుల మీద

మా నాన్నగారికి వేదం వచ్చు, నాకు తిండి వచ్చు. ఈ మాట ఊళ్లోవాళ్లు నా వెనకాల అనుకునేదే. నేనే ముందు అనేస్తే వాళ్లకి ఆ సరదా తీరిపోతుందని చెబుతున్నాను. అమలాపురం నుంచి రాజోలు దాకా తద్దినాలకి భోక్తగా వెళ్లడం నా వృత్తి. భోక్తంటే తెలియనివాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యేరు కాబట్టి అదీ చెబుతాను. తద్దినం పెట్టే ఇంట్లో, పోయిన పెద్దాయన స్థానంలో కూర్చుని, ఆయన పేరు మీద ఆకులో వడ్డించిందంతా తినేవాడు భోక్త. చచ్చిపోయినవాళ్ల తరఫున బతికున్నవాడు తినడమన్నమాట. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, నా మీద ఒక్క పితృదేవత కూడా ఫిర్యాదు చెయ్యలేదు.

అయితే ఇది పైకి కనిపించినంత సుఖమైన పని కాదండీ. పొద్దున్న ఏమీ తినకూడదు. మంత్రాలూ హోమమూ అయ్యి ఆకు ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. కూర్చున్నాక మాట్లాడకూడదు. ఆ రాత్రి మళ్లీ తినకూడదు. అంటే రోజుకి ఒకటే భోజనం, అదీ నాలుగు భోజనాలంత. కాఫీ మాత్రం పొద్దున్నే తాగుతాను. కాఫీ ద్రవపదార్థం, దోషం లేదు. ఇది ఏ ధర్మశాస్త్రంలో ఉందని అడక్కండి, నేనే రాసుకున్నాను.

ఇంక అసలు సంగతి. మా నాన్నగారు అరవై మూడో ఏట, వేదంలో పనస చెబుతూ చెబుతూ గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయేరు. నాకు అరవై రెండు నిండగానే ఆ అరవై మూడు వచ్చి ఎదురుగా కూర్చుంది. త్రేన్పు వచ్చినా గుండే, తుమ్ము వచ్చినా గుండే. పిరికివాణ్ణని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ రోజుల్లో రోజూ భయపడ్డాను.

మా పక్కింటాయన కొబ్బరికాయల వ్యాపారి. గుండెకి స్టెంటు వేయించుకుని వచ్చేరు. ఓ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, అరుగు మీద నాతో కబుర్లు చెబుతూ చిన్న మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నారు.

"అదేమిటండీ?" అన్నాను.

"ఆస్పిరినండీ. రక్తం గడ్డ కట్టకుండా చూస్తుందంట. ఇది మానకుండా వేసుకుంటే భయం లేదన్నారండి డాక్టరుగారు."

డాక్టరుగారు చెప్పింది ఆయనకి. వేసుకున్నది నేను. వైద్యుడు నారాయణుడంటారు గదా, ఆ నారాయణుడి గుడి మెట్లైనా ఎక్కకుండా తీర్థం పుచ్చేసుకున్నాను.

మందుల షాపాయన "చీటీ ఉందాండీ?" అని అడిగేడు. "ఊరందరికీ ముహూర్తాలు రాసిచ్చేవాణ్ణి, నాకు చీటీ ఏమిటండీ?" అన్నాను. "ఆయ్" అని ఇచ్చేసేడు. మా గోదావరి వైపు ఆయ్ అన్నారంటే ప్రతిసారీ ఒప్పుకున్నట్టు కాదు. పెద్దవారు, మీతో వాదన ఎందుకండీ అని కూడా దానికి అర్థం. ఇక్కడే పుట్టి ఇక్కడే ముసలివాణ్ణయిన నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. అవసరమైనప్పుడే తెలియదు.

రోజూ తెల్లవారుజామున స్నానం, సంధ్య అయ్యేక, ఖాళీ కడుపుతో, కాఫీతో కలిపి ఒక మాత్ర. అట్ట మీద భోజనం తరవాత అని ఉంది. నా భోజనం అయ్యేసరికి మధ్యాహ్నం మూడు, అప్పటికి మాత్ర సంగతి ఎవడికి గుర్తుంటుంది? దానికి తోడు, గంటలకి గంటలు పీట మీద మఠం వేసుక్కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని సాయంత్రం ఒక నొప్పి మాత్ర. అది కూడా నా వైద్యమే.

అక్కడితో ఆగినా బాగుండేది. నాకో అక్కయ్య ఉంది. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను ఎత్తుకుని తిప్పి, అన్నం తినిపించి, మొట్టి, పెంచింది అక్కయ్యే. ఇప్పుడు తాటిపాకలో కూతురి దగ్గర ఉంటోంది. కూతురూ అల్లుడూ ఇద్దరూ టీచర్లు. నాకు గుండె భయం పట్టుకోగానే, అదే నాన్నగారి నెత్తురు అక్కయ్యలోనూ ఉంది గదా అని ఇంకో భయం పట్టుకుంది. నన్ను "ఒరేయ్" అనేది ఈ భూమ్మీద ఆవిడొక్కర్తే. ఆవిడ కూడా పోతే నేను ఊరందరికీ పంతులుగారినే, ఎవరికీ తమ్ముణ్ణి కాను. ఆ ఆలోచనే నేను భరించలేను.

అందుకని ప్రతి నెలా అమావాస్య వెళ్లగానే స్కూటరేసుకుని, బోడసకుర్రు వంతెన దాటి, తాటిపాక వెళ్లి, ఆవిడ చేతిలో మాత్రల అట్టలు పెట్టి వచ్చేవాణ్ణి. "పొద్దున్నే పరగడుపున వేసుకో. మానేవో, నా మీదొట్టే" అనేవాణ్ణి. "అలాగేరా" అనేది. తీసుకెళ్లి అలమారలో ఉన్న రేకు డబ్బాలో పెట్టేది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు నాకన్నా ఎక్కువ, నొప్పి మాత్రలు కూడా వాడేది. ఆ సంగతి తెలిసే ఇచ్చేను.

తరవాత పెద్ద గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చేది. అక్కయ్య చెయ్యి ఉప్పు విషయంలో మహా ఉదారం. అంతర్వేది దగ్గర సముద్రం పొంగి గ్లాసులోకి వచ్చిందా అనిపించేది. "ఎలా ఉందిరా?" అంటే "అమృతం అక్కయ్యా" అని గటగటా తాగేసి, దార్లో ఆగి రెండు సోడాలు కొట్టేవాణ్ణి. పెంచిన చెయ్యి, మొహం మీద ఎలా చెబుతాం?

ఆరు నెలలు ఇలా నడిచింది. ఇంతలో మహాలయ పక్షాలొచ్చేయి. భాద్రపదంలో ఆ పదిహేను రోజులూ పితృదేవతలు భూమ్మీదకి వస్తారంటారు. వాళ్ల సంగతేమో గానీ, ఆ పదిహేను రోజులూ భోక్తలు మాత్రం ఊపిరి తీసుకోరు. రోజుకో ఇల్లు. ప్రతి ఇంట్లోనూ గారెలు, పరమాన్నం, వాటితో పాటు నల్లనువ్వులూ బెల్లమూ దంచి చేసిన చిమ్మిలి ఉండలు. చిమ్మిలి అంటే నాకు ప్రాణం. రెండు వేస్తే ఊరుకోను, మూడోదానికి ఆకులో చోటు చూపిస్తాను.

మూడో రోజో నాలుగో రోజో విరేచనం నల్లగా అయింది. క్షమించాలి, తిండి కబుర్ల మధ్యలో ఇలాంటి మాట. చెప్పక తప్పదు, ఈ కథకి ప్రాణం అందులోనే ఉంది. మామూలు నలుపు కాదు, రోడ్డు వెయ్యడానికి మరగబెట్టే తారులా, జిగురుగా ఉంది. వాసన సంగతి వదిలెయ్యండి. నేను కంగారు పడ్డానా? రామరామ! నల్లనువ్వులు తింటే నల్లగా కాక తెల్లగా అవుతుందా అనుకున్నాను. నా తర్కానికి నేనే మురిసిపోయేను.

అయినా మా ఆవిడకి చెప్పేను. ఆవిడ చేస్తున్న పని ఆపి నాకేసి చూసింది.

"మీతో పాటు ఇంకో ఇద్దరు భోక్తలు తింటున్నారు కదండీ, వాళ్లకీ అలాగే అవుతోందా?"

"అలాంటి విషయాలు భోక్తలు ఒకళ్లనొకళ్లు అడుక్కుంటారటే!" అని కసురుకున్నాను.

"మొహం పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ఒక్కసారి డాక్టరుకి చూపించుకోండి."

"పక్షాలు వెళ్లనీ. ఒంటిపూట భోజనం, నీరసం ఉండదా ఏమిటి?"

ఆవిడ ఇంకేం అనలేదు. ఇంట్లో నాకు దొరికే ఆయ్ అదే, ఇంకేం అనకపోవడం.

ఏకాదశి వెళ్లిన మర్నాడు రాజోలులో ఓ రిటైరైన హెడ్మాస్టరుగారింట్లో వాళ్ల నాన్నగారి తిథి. నన్ను పితృస్థానంలో కూర్చోబెట్టేరు, అంటే నేనే వాళ్ల నాన్నగారిని. పొద్దుట్నుంచీ తల తిరుగుతూనే ఉంది. స్కూటరు మీద వెళ్లలేక బస్సులో వెళ్లేను. ఆకు ముందు కూర్చున్నాను. వడ్డన అయింది. ఔపోశన పట్టి నాలుగు ముద్దలు తిన్నానో లేదో, పరమాన్నం ఒకటి కాస్తా రెండుగా కనిపించింది. మామూలుగా అయితే సంతోషించాల్సిన విషయమే. కానీ చూస్తూ చూస్తూ ఉండగా గృహస్థు కూడా ఇద్దరయ్యేరు. వెన్నులోంచి చల్లటి చెమట కారడం మొదలెట్టింది.

చెబుదామంటే భోక్త మాట్లాడకూడదు. నలభై ఏళ్లలో ఏ ఆకు ముందూ ఆ నియమం తప్పలేదు, ఇప్పుడు తప్పుతానా? చేత్తో సైగ చేసేను. వడ్డించే ఆవిడ "ఇంకో చిమ్మిలా అండీ?" అని ఇంకో ఉండ వేసింది. అంత మంచి పేరు సంపాదించుకున్నాను మరి.

హెడ్మాస్టరుగారి తల్లిగారు, తొంభైకి దగ్గరలో ఉన్నావిడ, గుమ్మంలో కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నా చెమటలు చూసి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఒరే అబ్బాయ్, మీ నాన్నగారికీ విస్తరి ముందు కూర్చుంటే ఇలాగే చెమటలు పట్టేవిరా! ఆయనే వచ్చేరు" అన్నారు. దాంతో ఇంట్లో అందరూ వచ్చి నాకు దణ్ణాలు పెట్టేరు. విసనకర్ర అందించినవాళ్లు ఒక్కళ్లు లేరు.

భోజనం చివర్లో గృహస్థు తృప్తి అయిందా అని అడగాలి, భోక్త తృప్తి అయిందని చెప్పాలి. హెడ్మాస్టరుగారు చేతులు జోడించి అడిగేరు. నేను నోరు తెరిచేను. తృప్తి రాలేదు, నెత్తురు వచ్చింది. కాఫీ మడ్డిలా నల్లగా, ఆకులో కక్కుకుని, ఆకు మీదకే ఒరిగిపోయేను. పితృదేవత స్థానంలో కూర్చున్నవాణ్ణి, ఇంకో గంట ఆలస్యమైతే ఏకంగా ఆ ఉద్యోగంలో పర్మనెంటు అయిపోయేవాణ్ణి.

హెడ్మాస్టరుగారే తన కారులో వేసుకుని అమలాపురం తీసుకొచ్చేరు. తాటిపాక సెంటరు దాటుతుంటే కాస్త తెలివొచ్చింది. "ఇక్కడే మా అక్కయ్య ఉంటుందండీ. ఆవిడకి చెప్పకండి, హడలిపోతుంది" అన్నాను. "ఆయ్" అన్నారాయన. ప్రాణం పోయేటప్పుడు కూడా నాకు పెద్దరికమే కావాలి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మా అమ్మాయి వయసుంటుంది. కనురెప్ప కిందకి లాగి చూసి, "నల్లగా వెళ్తోందా పంతులుగారూ?" అని అడిగింది. నేను ఆ స్థితిలో కూడా చిమ్మిలి సిద్ధాంతం మొదలెట్టేను. సగం విని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం మాత్రలు వాడుతున్నారు?"

చెప్పేను. ఆస్పిరినూ, నొప్పి మాత్రానూ.

"ఎవరు రాసేరండి?"

నేను మా ఆవిడకేసి చూసేను. మా ఆవిడ నాకేసి చూడకుండా గోడకేసి చూస్తోంది.

నోట్లోంచి గొట్టం దింపి చూసేరు. నలభై ఏళ్లుగా గారెలు దిగిన దారి, గొట్టం ఒక లెక్కా అని ధైర్యంగా పడుకున్నాను గానీ, అది దిగుతుంటే పుట్టినప్పట్నుంచీ తిన్నదంతా గుర్తొచ్చింది. పొట్టలో పుండు, దాన్లోంచి నెత్తురు కారుతోందిట. గొట్టంలోంచే ఆపేరు. మూడు సీసాల నెత్తురు ఎక్కించేరు. ఎవరు ఇచ్చేరో, ఏ ఊరివాళ్లో! ఇంకొకళ్లు ముట్టుకున్న మంచినీళ్లు తాగని నా మడీ ఆచారమూ ఆ మొదటి సీసాతోనే గోదాట్లో కలిసిపోయేయి. ఆ పుణ్యాత్ములు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ నెమ్మదిగా కూర్చుని చెప్పింది. ఆస్పిరిను రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు, దాంతో పాటే పొట్ట లోపలి పొరని కాపాడేదాన్ని తగ్గించేస్తుందిట. "మీరు పరగడుపున వేసుకున్నందుకే ఇలా అయిందనుకోకండి. తిని వేసుకున్నా పుండు పడొచ్చు. వయసు పైబడినవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ. పైన నొప్పి మాత్ర కూడా కలిపితే మరీ ఎక్కువ. తారులా నల్లగా వెళ్లిందంటే అది లోపల కారిన నెత్తురే. నువ్వులకి అంత శక్తి లేదు" అంది.

నువ్వుల మీద నేను వేసిన అభాండానికి మనసులోనే లెంపలేసుకున్నాను.

ఆవిడ అటు తిరగ్గానే నేను ఇటు ఫోను తీసేను. పక్కింటాయనకి కలిపి, "మీరు ఆ మాత్ర తక్షణం గోదాట్లో పారేయండి! అది విషం" అన్నాను. నిన్న ఆస్పిరిను అమృతం, ఇవాళ విషం, మధ్యలో ఇంకేం లేదు. మనం వైద్యం మానేశామని ఎవరన్నారు? డాక్టరమ్మ వెనక్కి తిరిగి ఫోను నా చేతిలోంచి లాక్కుంది.

"అయ్యా, మీకు స్టెంటు ఉందాండీ? అయితే మీరు మానకూడదు. సొంతంగా మానేస్తే అది మూసుకుపోవచ్చు. మీ డాక్టరుగారు చెప్పేదాకా మానకండి. పంతులుగారి మాట వినకండి" అని పెట్టేసింది. తరవాత నాకేసి తిరిగి, "ఇంకెవరికైనా పంచిపెట్టేరా ఈ మాత్రలు?" అంది.

నా గుండె ఆగిపోయింది. నిజంగా. ఇన్నాళ్లూ ఏ గుండె కోసం అయితే ఈ మాత్ర మింగేనో ఆ గుండె.

అక్కయ్య.

డెబ్భై ఏళ్లు. రోజూ నొప్పి మాత్ర. ఆరు నెలలుగా నేను ఒట్టు వేయించి మరీ ఇచ్చిన ఆస్పిరిను. పొద్దున్నే పరగడుపున. ఫోను చేసేను, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసేను, ఎత్తలేదు. మేనకోడలికి చేస్తే స్కూల్లో క్లాసులో ఉన్నట్టుంది, అదీ ఎత్తలేదు. మా ఆవిణ్ణి "నువ్వు చెయ్యి, నువ్వు చెయ్యి" అని వేపుకుతిన్నాను, ఆవిడేదో చెప్పబోతే చెప్పనివ్వలేదు. సెలైను సూది ఉందని కూడా చూడకుండా మంచం దిగబోతే నర్సమ్మ కసిరి పడుకోబెట్టింది. అక్కయ్య వంటింట్లో పడిపోయి ఉంటుంది, పక్కన గ్యాసు మీద పాలు పొంగుతూ ఉంటాయి, ఎవరూ చూసి ఉండరు. ఈ దృశ్యమే మళ్లీ మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. నన్ను పెంచినావిణ్ణి నా చేత్తో చంపుకున్నానని ఏడ్చేను. సిగ్గు లేకుండా, వార్డులో అందరి ముందూ, గొంతెత్తి ఏడ్చేను.

పదకొండున్నరకి అక్కయ్య గుమ్మంలో నిలబడి ఉంది. అక్కయ్యకి చెప్పద్దన్న నా ఆజ్ఞ లెక్క చెయ్యకుండా మా ఆవిడ పొద్దున్నే, మాత్రల సంగతితో సహా, చెప్పేసిందిట. ఆ కంగారులో ఫోను ఇంట్లో మర్చిపోయి ఆటో ఎక్కేసిందిట. ఒక చేతిలో సగ్గుబియ్యం జావ గిన్నె, ఒక చేతిలో రేకు డబ్బా.

"అక్కయ్యా, ఆ మాత్రలు... ఇవాళ వేసుకున్నావా? నల్లగా వెళ్తోందా? డాక్టరుగారూ, ఈవిణ్ణి చూడండి ముందు" అని అరిచేను.

అక్కయ్య వచ్చి, డబ్బా మూత తీసి నా ఒళ్లో పెట్టింది. నేను ఆరు నెలలుగా ఇచ్చిన అట్టలన్నీ ఉన్నాయి, వరసగా, రబ్బరు బేండు వేసి. మొదటి అట్టలో రెండు మాత్రలు మాత్రం లేవు.

"రెండో రోజుకే కడుపులో ఒకటే మంటరా. మానేశాను. తాటిపాకలో డాక్టరుగారిని అడిగితే మీకెందుకమ్మా ఇది అన్నారు."

"మరి నాకు చెప్పలేదేం? ప్రతి నెలా అలాగేరా, అలాగేరా అని..."

"ఎండలో పడి, అంత దూరం నుంచి స్కూటరేసుకుని, ఒట్టు వేయించుకుని మరీ ఇస్తుంటే మొహం మీద ఎలా చెప్పమంటావు? చిన్నబుచ్చుకుంటావని తీసుకుని దాచేను."

నాకు నవ్వొచ్చింది. ఒంట్లో ఓపిక లేదు గానీ నవ్వేను. అక్కయ్య బతికి ఉంది, నా మాట వినకపోబట్టి బతికి ఉంది, అంతకన్నా ఏం కావాలి? ఆవిడ మాత్రం నవ్వలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఆ వేళే కడుపులో మంటరా, వద్దురా అని ఒక్క మాట అని ఉంటే నువ్వూ మానేసేవాడివి కదరా. నీ మొహం చిన్నబోతుందని చూసేను గానీ, నీ ప్రాణం మీదకి వస్తుందనుకోలేదు. నాదేరా తప్పు" అని ఏడ్చింది.

తప్పు ఎవరిదో నాకు తెలుసు. కానీ అది చెబితే "కాదు, నాదే" అంటుంది, నేను "కాదు, నాదే" అంటాను. మా వైపు ఇలాంటివి తెల్లవార్లూ సాగుతాయి. "జావ పెట్టు" అన్నాను. డాక్టరమ్మ పలచటి జావ చల్లార్చి ఇవ్వచ్చంది. అక్కయ్య కళ్లు తుడుచుకుని, చిన్నప్పటిలాగే, చెంచాతో నోటికి అందించింది.

"ఎలా ఉందిరా?" అంది.

మింగేను. నాలిక చివరికి అమృతం అన్న మాట అలవాటుగా వచ్చేసింది. దాన్ని లోపలికే తోసేశాను.

"ఉప్పు ఎక్కువైంది అక్కయ్యా."

చెంచా గాల్లో ఆగిపోయింది. నాకేసి చూసింది, మా ఆవిడకేసి చూసింది. మా ఆవిడ మెల్లిగా తలూపింది.

"ఎన్నాళ్లనుంచీ?" అంది అక్కయ్య.

"నీ పెళ్లయిన దగ్గర్నుంచీ."

పక్కనున్న డబ్బా మూత అందుకుని నా నెత్తి మీద ఠంగుమని ఒక్కటిచ్చింది. తరవాత గిన్నెలో ఇన్ని వేణ్ణీళ్లు పోసి, కలిపి, మళ్లీ నోటికి అందించింది. "ఇప్పుడో?" అంది.

"ఇంకొంచెం పొయ్యి" అన్నాను.